మేడారమా, కేస్లాపూరా, కొమురవెల్లా? తెలంగాణ పల్లె జాతరలు, పాత గుడులు చూడదలచినవారికి ఎంపిక సలహా

తెలంగాణ పల్లెల్లో ఒక జాతరకు వెళ్లాలని, అదే దారిలో ఒక పాత గుడిని కూడా చూసి రావాలని అనుకునేవారు సాధారణంగా ముందు దూరం లెక్క వేసుకుంటారు, ఆ తరువాత సెలవులు చూసుకుంటారు. ఆ రెండింటికంటే ముందు ఆలోచించవలసిన విషయం మరొకటి ఉందని నా అభిప్రాయం. పాలంపేటలోని రామప్ప గుడి ఎనిమిది వందల ఏళ్లుగా ఉన్నచోటే ఉంది, వచ్చే నెల వెళ్లినా, పదేళ్ల తరువాత వెళ్లినా కనబడుతుంది. మేడారంలో అమ్మవారు సమ్మక్క చిలుకలగుట్ట దిగి, గద్దె అనే అరుగుకు చేరే సాయంత్రం మాత్రం రెండేళ్లకు ఒక్కసారే వస్తుంది, ఆ సాయంత్రం అక్కడ లేకపోతే మళ్లీ రెండేళ్లు ఆగవలసిందే. కాబట్టి జాతరను తిథిని బట్టి, కట్టడాన్ని మన తీరికను బట్టి, వేరువేరుగా ఎంచుకోవాలి. రెండింటినీ ఒకే ప్రయాణంలో ముడివేసుకున్నవారు చాలాసార్లు రెండింటినీ సరిగా చూడలేకపోతారు. మేడారం జాతర నాలుగు రోజుల్లో రామప్ప ఆవరణ కూడా జనంతో నిండిపోతుంది. తోపులాట మధ్య ఒక స్తంభం ముందు రెండు నిమిషాలైనా నిలబడలేక, ఫోటో తీసుకుని బయటపడినవారు గుడిని చూశామని చెప్పుకోవచ్చు గాని, నిజంగా చూసినట్టు కాదు.

ఈ వ్యాసంలో నాలుగు దారులను పోల్చుతున్నాను. ములుగు జిల్లాలోని మేడారం, రామప్ప ఒకటి. ఆదిలాబాద్ ఏజెన్సీలోని కేస్లాపూర్, దాని చుట్టుపక్కల గూడేలు రెండవది. సిద్దిపేట జిల్లా కొమురవెల్లి మూడవది. నల్లమలలోని సలేశ్వరం, దానికి తోడుగా అలంపురం నాలుగవది. ఈ నాలుగూ ఒకే కొలతకు లొంగేవి కావు గనుక, ఎవరికి ఏది తగునో చెప్పేటప్పుడు నా మొగ్గు కూడా దాచుకోకుండా చెబుతాను.

మేడారం, రామప్ప

ఈ రెండూ ఒకే జిల్లాలో, గంట గంటన్నర ప్రయాణ దూరంలో ఉన్నాయి. అయితే వీటిని ఒకే జిల్లాలోని రెండు చూడదగిన చోట్లుగా మాత్రమే లెక్కించడం నాకు సరిపోయినట్టు అనిపించదు. రామప్ప గుడిని కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. గుడి ఆవరణలోని శాసనం 1213వ సంవత్సరానిది. ఆ గణపతిదేవుని మునిమనవడైన ప్రతాపరుద్రుని కాలంలో, కరువు వల్ల కప్పం కట్టలేమన్న కోయ దొరల మీదికి కాకతీయ సైన్యం దండెత్తి వచ్చిందనీ, ఆ యుద్ధంలో సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారనీ, కొడుకు జంపన్న దూకి ప్రాణం విడిచిన సంపెంగ వాగే జంపన్న వాగు అయిందనీ, గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి కనబడకుండా పోయిందనీ, ఆమెను వెదుకుతూ వెళ్లినవారికి పుట్ట దగ్గర కుంకుమ భరిణ దొరికిందనీ మేడారం ఐతిహ్యం చెబుతుంది. రాజ్యం కట్టించిన గుడి ఒకటి, ఆ రాజ్యాన్ని ఎదిరించినవారి గద్దె మరొకటి. ఒకదానిలో చెక్కుడు పని లేని రాయి కోసం వెదకాలి, రెండవదానిలో అసలు విగ్రహమే లేదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని రెండింటినీ చూసినవారికి ఈ ప్రాంతం తెరుచుకున్నంతగా, విడివిడిగా చూసినవారికి తెరుచుకోదు. అందుకే రెండూ చూడండి, కాని రెండు వేర్వేరు ప్రయాణాల్లో చూడండి అని చెబుతున్నాను.

జాతర మాఘ శుద్ధ పౌర్ణమి వేళ, రెండేళ్లకొకసారి, బుధవారం నుంచి శనివారం వరకు నాలుగు రోజులు జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. ఈ లెక్కన మళ్లీ 2028లోనే. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరుతారు. రెండవ రోజు, గురువారం, కోయ పూజారులు చిలుకలగుట్ట ఎక్కి కుంకుమ భరిణ రూపంలో ఉన్న సమ్మక్కను తీసుకుని దిగుతారు. ఆ క్షణంలో పోలీసులు గౌరవంగా గాలిలోకి తుపాకి పేలుస్తారు. అమ్మ వచ్చే దారి పొడవునా ఎదురుకోళ్లు ఎగురుతాయి, శివసత్తులు పూనకంతో ఊగుతారు, లక్షల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. శుక్రవారం మొక్కుల రోజు, శనివారం వనప్రవేశం, అంటే అమ్మవార్లు తిరిగి అడవికి చేరడం. ఒక్క రోజే ఉండగలవారు గురువారమే ఎంచుకోవాలి. తోపులాట భరించలేనివారు, చిన్నపిల్లలతో వచ్చేవారు గురువారం, శుక్రవారం తప్ప మరేదైనా ఎంచుకోవాలి. సారలమ్మ రాక కూడా కళ్లు చెమర్చేటంత గొప్పదే, జనం మాత్రం కొంత తక్కువ.

మొక్కు అంటే ఇక్కడ బెల్లం, దాన్నే బంగారం అంటారు. మనిషి బరువుకు సరిగ్గా తూచి ఇచ్చేది నిలువెత్తు బంగారం. అమ్మవార్లకు ఒడిబియ్యం, చీర, కొబ్బరికాయ కూడా సమర్పిస్తారు. జంపన్న వాగులో స్నానం చేసి గద్దెలకు రావడం వాడుక. మాంసం, మద్యం ఇక్కడి మొక్కుల్లో, విడిదుల్లో భాగమే. వాటిని చూసి ముఖం చిట్లించేవారు ఈ జాతరకు వెళ్లకపోవడమే అందరికీ మంచిది. ఈ పద్ధతి తమకు నచ్చదని తీర్పు చెప్పడానికి వెళ్లే చోటు కాదది.

1996లో రాష్ట్ర పండుగగా గుర్తింపు పొందిన ఈ జాతరకు వచ్చే జనాన్ని అధికారులు కోటికి పైగా అంచనా వేస్తుంటారు. అంత జనం ఒక అడవి ఊరికి చేరినప్పుడు సొంత కారు సౌకర్యం కాదు, బరువు. పార్కింగ్ స్థలాలు గద్దెలకు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి, తిరుగు ప్రయాణంలో గంటల తరబడి వాహనాలు కదలవు. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు గద్దెలకు బాగా దగ్గరగా ఏర్పాటు చేసే తాత్కాలిక బస్టాండు వరకు వస్తాయి గనుక, హనుమకొండలో వాహనం ఆపి బస్సు ఎక్కడం నేను గట్టిగా చెప్పే సలహా. ఫోన్లు పలకకపోవచ్చు. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే ఒక గుర్తు చెప్పుకోవాలి, పిల్లల జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టాలి.

జనం పడనివారికి మరో దారి ఉంది. పెద్ద జాతర లేని ఏడాది మాఘమాసంలో మండమెలిగే పండుగ జరుగుతుంది, దాన్నే చిన్న జాతర, మినీ మేడారం అని కూడా పిలుస్తారు. అమ్మవార్లు గద్దెలకు రావడమనే ఘట్టం అప్పుడు ఉండదు. కాని పూజారులు గుడి శుద్ధి చేసుకోవడం, ఊరు తనకోసం తాను పండుగ చేసుకోవడం దగ్గరగా కనబడుతుంది. గద్దెల ముందు కుదురుగా నిలబడి మొక్కు చెల్లించుకోవాలనుకునే పెద్దలకు ఇదే తగినది.

ఇక రామప్ప. దీనికి ఏ తిథీ అక్కరలేదు. వానలు వెనకబట్టిన తరువాత, ఆశ్వయుజం నుంచి పుష్యం వరకు, ఉదయం పూట వెళ్లండి. గుడి తూర్పు ముఖంగా ఉంది కాబట్టి పొద్దుటి ఎండ మండపం లోపలి వరకు వస్తుంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ గుడి నిర్మాణం సుమారు 40 ఏళ్లు సాగిందని భావిస్తారు. పునాది గోతిని ఇసుకతో నింపి దానిమీద కట్టడం నిలిపారు, విమానాన్ని, అంటే గర్భగుడి మీది శిఖరాన్ని, నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలతో పేర్చారు. కింద రాతి బరువును ఇసుక సర్దుకుంటుంది, పైన ఇటుక బరువే లేకుండా చేస్తుంది. ఈ రెండు ఆలోచనలనూ ఒకదానితో ఒకటి కలిపి చూస్తే, ఆ శిల్పులు అందం ఒక్కటే కాక నేల స్వభావాన్నీ, భూకంపాల భయాన్నీ ఎంతగా లెక్కలోకి తీసుకున్నారో తెలుస్తుంది. బయటి చూరు కింద మదనికలు అనే నల్లరాతి స్త్రీ శిల్పాలు పన్నెండు ఉన్నాయి. ఎర్రటి ఇసుకరాతి గోడల మీద ఆ నల్లని నునుపు ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కున్న మదనికను ప్రతి గైడూ చూపిస్తాడు. గైడ్ చూపించనివాటి కోసం మరొక ప్రదక్షిణ చేయండి. గుడి పీఠమైన అధిష్ఠానం మీద బారుగా సాగే ఏనుగుల వరుసలో ఏ రెండూ ఒక్కలా ఉండవనిపిస్తుంది. మండపం స్తంభాల మీది నాట్య భంగిమలు పేరిణి నృత్యాన్ని తిరిగి రూపొందించడానికి నటరాజ రామకృష్ణకు ఆధారమయ్యాయి. కనీసం రెండు గంటలు కేటాయించలేనివారు రామప్పను మరో రోజుకు వాయిదా వేసుకోవడమే నయం.

రామప్ప నుంచి తిరిగి వస్తూ, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని గణపురం కోటగుళ్లు చూడకుండా రావద్దని నా విన్నపం. ప్రధాన ఆలయం చుట్టూ చిన్న గుడులు వరుసగా, సగం కూలి, సగం నిలిచి ఉంటాయి. రామప్పలో పూర్తయిన పని కనబడితే, ఇక్కడ రాయి మీద రాయి ఎలా కూర్చుంటుందో విప్పి చూపినట్టు కనబడుతుంది. జనం చాలా తక్కువ. లక్నవరం చెరువు, దాని మీది వేలాడే వంతెన పిల్లలకు నచ్చుతాయి, రాత్రి బసకు పనికివస్తాయి. ఈ పోలికలో దానికి అంతకుమించి చోటు లేదు.

కేస్లాపూర్, గోండు గూడేలు

మేడారంలో లక్షల మందిలో ఒకరిగా కలిసిపోతాం. కేస్లాపూర్‌లో మనం ఒక వంశం వారి ఇంటికి వెళ్లిన అతిథులం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని ఈ ఊళ్లో నాగదేవత నాగోబాకు పుష్య అమావాస్య రాత్రి మహాపూజ చేసేది మెస్రం వంశీయులైన గోండులు. ఆ పూజ కోసం వారు కాలినడకన బయలుదేరి, జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి జలం తీసుకుని, చెప్పులు లేకుండా నడుస్తూ తిరిగి వచ్చి, మర్రిచెట్ల నీడన బస చేస్తారు. అన్ని కుటుంబాలు వచ్చినా వంట మాత్రం 22 పొయ్యిల మీదే. ప్రయాణ సన్నాహంలో మొదటి ప్రశ్న మీరు మహాపూజ రాత్రికి వెళ్తారా, తరువాతి రోజుల సంతకు వెళ్తారా, దర్బార్ రోజుకు వెళ్తారా అన్నది. మూడూ మూడు వేరువేరు అనుభవాలు.

మహాపూజ రాత్రి వంశం వారిది. ఆ తరువాత జరిగే భేటింగ్‌లో, ఆ ఏడాది మెస్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్లను తెల్లచీరల్లో, ముసుగులతో, దేవుడికి పరిచయం చేస్తారు. ఆ పరిచయం అయ్యేవరకు వారికి నాగోబా పూజలో భాగం లేదు. అది ఒక కుటుంబపు అంతరంగ కార్యం. దూరంగా నిలబడి చూడనిచ్చినంత వరకు చూడాలి, ఆ కోడళ్ల ముఖాల మీదికి కెమెరా పెట్టకూడదు. పెద్దలను అడగకుండా తీసిన ఫోటో ఎంత బాగా వచ్చినా అది ఆతిథ్యానికి మనం చేసిన అవమానమే.

మీకు చరిత్ర మీద ఆసక్తి ఎక్కువైతే దర్బార్ రోజు వెళ్లండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ నేలకొరిగిన తరువాత, గోండుల గోడు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సూచనతో, జనం ఎలాగూ చేరే ఈ జాతరలోనే అధికారులు వచ్చి అర్జీలు వినే పద్ధతి ఏర్పడింది. అది నేటికీ సాగుతోంది. భూమి పట్టా గురించి, దారి గురించి, బడి గురించి గూడెం పెద్దలు మైకు ముందు నిలబడి కలెక్టరును నిలదీయడం చూస్తే, జాతర అంటే దేవుడి పని మాత్రమే కాదన్న సంగతి ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. ఇప్పుడున్న రాతి గుడిని మెస్రం వంశీయులు తమ చందాలతోనే కట్టుకుని 2022లో ప్రారంభించుకున్నారు.

ఇక్కడ కట్టడాల గురించి మేడారం దారితో పోటీ లేదు. జైనథ్‌లోని లక్ష్మీనారాయణస్వామి గుడి చూడదగినదే, కాని రామప్ప చూసిన కళ్లకు అది చిన్నది. ఈ ప్రాంతపు వారసత్వం రాతిలో కంటే మనుషుల చేతుల్లో, గొంతుల్లో ఉంది. కిక్రి అనే తీగ వాద్యం మీటుతూ గోండుల గాయకులైన పర్ధానులు పాడే వంశగాథల్లో, డోక్రా కంచుపనిలో, గుస్సాడీ వేషంలో ఉంది. అందుకే జోడేఘాట్‌లోని కొమురం భీమ్ స్మారకం, మ్యూజియం, జైనూర్ మండలం మార్లవాయిలోని హైమన్‌డార్ఫ్ దంపతుల స్మృతి చిహ్నాలు, 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గిరిజనుల కోసం నిలిచిన ఇంద్రవెల్లి స్తూపం, ఈ మూడింటినీ కలిపి ఒక రోజు తిరగమని చెబుతాను. కుంటాల జలపాతం ఆదిలాబాద్ దారిలోనే ఉన్నా, జాతర నాటికి అందులో నీరు బాగా తగ్గిపోతుంది. దానికోసం వానాకాలంలో మరోసారి రావడం మంచిది.

కేస్లాపూర్ జాతరకు రాలేనివారికి, నిజం చెప్పాలంటే వచ్చినవారికి కూడా, నేను ఇంకా ఎక్కువగా సూచించేది దీపావళికి ముందు జరిగే గోండుల నృత్య పండుగ దండారీ. అప్పుడు ఒక గూడెం జట్టు మరో గూడేనికి ఆడడానికి వెళుతుంది, వియ్యం కలిసినంత మర్యాదగా వారిని ఎదుర్కొంటారు. నెమలి ఈకల కిరీటం, ఒంటినిండా బూడిద పూత, భుజాన జింక తోలు, చేతిలో కర్రతో గుస్సాడీలు దిగుతారు. ఈ నృత్యాన్ని బయటి ప్రపంచానికి పరిచయం చేసిన మార్లవాయి కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. వేదిక మీద చూసే గుస్సాడీ వేరు, గూడెం నడిమి వాకిట్లో పొద్దుపోయేదాకా సాగే గుస్సాడీ వేరు. వేషం కట్టినన్నాళ్లు గుస్సాడీలు ఒంటికి నీళ్లు తగలనివ్వరు, నేలమీదే పడుకుంటారు, ఎందుకంటే వారికి అది దీక్ష. కొలబొడి అనే ముగింపు కార్యంతో ఆ దీక్ష ముగుస్తుంది. అయితే దండారీకి టికెట్ ఉండదు, ప్రకటన ఉండదు, ఏ రోజు ఏ గూడెంలో ఆడతారో బయటివారికి తెలియదు. ఆ గూడెం ఉపాధ్యాయుడో, ఉట్నూరులో పరిచయస్థులో ఒకరు ముందుగా గూడెం పెద్ద అయిన పటేల్‌తో మాట్లాడి అనుమతి తీసుకోవాలి. ఆ శ్రమకు సిద్ధంగా ఉన్నవారికి, ఈ నాలుగు దారుల్లో దీనికి సాటి లేదని నా అనుభవం.

బసకు ఆదిలాబాద్ గాని, ఉట్నూరు గాని అనువు. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. జనవరి రాత్రుల్లో ఈ జిల్లా చలి గట్టిది, మహాపూజ రాత్రి ఆరుబయట ఉండదలచినవారు ఉన్ని దుప్పటి తీసుకెళ్లాలి.

కొమురవెల్లి

ఎక్కువ సెలవు లేనివారికి, హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలనుకునేవారికి ఈ మల్లన్న జాతర కంటే అనువైనది లేదు. సంక్రాంతి తరువాతి ఆదివారం నుంచి ఉగాది ముందు ఆదివారం వరకు, ప్రతి ఆదివారమూ జాతరే. మొదటిది పట్నం వారం, రెండవది లష్కర్ వారం. హైదరాబాద్, సికింద్రాబాద్ భక్తులు విరివిగా వచ్చే రోజులు గనుక వాటికి ఆ పేర్లు. పట్నం వారం మరునాడు నేలమీద రంగుల ముగ్గుగా వేసే పెద్దపట్నం, నిప్పుల మీద నడిచే అగ్నిగుండాలు చూడాలనుకుంటే ఆ సోమవారం సెలవు పెట్టుకోవాలి. జనం తక్కువగా ఉన్నప్పుడు వెళ్లాలనుకునేవారు ఫిబ్రవరి నెలలోని ఏదైనా ఆదివారం ఎంచుకోవచ్చు, శివరాత్రి మాత్రం తప్పించాలి, ఆ రాత్రి మళ్లీ పెద్దపట్నం ఉంటుంది.

ఇక్కడ కళ్లతో చూడవలసినదానికంటే చెవులతో వినవలసినది ఎక్కువ. డమరుకం మోగిస్తూ ఒగ్గు పూజారులు మల్లన్న కథ చెబుతారు, గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ ఆయనకు భార్యలైన తీరు పాడతారు, పసుపు, కుంకుమ, బియ్యప్పిండి వంటి రంగుల పొడులతో నేలమీద పట్నం వేస్తారు. గంగరేగు చెట్టు దగ్గర ఒక కుటుంబం పట్నం వేయించుకుంటుంటే, పక్కన కూర్చుని ఆసాంతం వినండి. దర్శనం వరుసలో మూడు గంటలు నిలబడి, ఈ గంట కూర్చోకుండా వెనుదిరిగినవారు కొమురవెల్లికి వచ్చిన ఫలం సగం వదులుకున్నట్టే. బండారి ఎగజల్లుతారు కాబట్టి బట్టలకు పసుపు అంటుకుంటుంది, తెల్లబట్టలు వద్దు.

దగ్గర్లోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఇంకా పని చేస్తున్నారు. పొడవైన గుడ్డ పటం మీద కులపురాణాలు గీయడం, ఆ పటాన్ని విప్పుతూ కథ చెప్పేవారికి ఇవ్వడం ఈ కళ మూలం. ఎర్రని నేపథ్యం మీద బొమ్మలు వరుసలుగా సాగుతాయి. పొద్దున మల్లన్న దగ్గర కథ విని, మధ్యాహ్నం చేర్యాలలో కథ బొమ్మగా మారడం చూస్తే ఆ రోజు నిండుతుంది. బొమ్మ కొనదలచినవారు చిత్రకారుల ఇంట్లోనే కొనాలని నా కోరిక, ఆ డబ్బు నేరుగా వారి చేతికి చేరుతుంది.

సలేశ్వరం, అలంపురం

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్న సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి చుట్టూ ఉన్న కొద్ది రోజుల్లోనే అనుమతి ఉంటుంది. కొండల మధ్య లోయలోకి రాళ్ల మీదుగా దిగి, కిలోమీటర్ల కొద్దీ నడిచి, జలపాతం పక్కనున్న గుహలో చెంచులు పూజించే లింగమయ్యను చూడాలి. వెళ్లేటప్పుడు వస్తున్నాం లింగమయ్యా అని, తిరిగేటప్పుడు పోయొస్తాం లింగమయ్యా అని జనం కేక వేస్తారు. ఎండలు ముదిరిన కాలం, దారి ఇరుకు, ఎక్కేవారు దిగేవారు ఒకే బాటలో ఎదురవుతారు. గుండె జబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పి ఉన్నవారు భక్తి ఎంత ఉన్నా ఈ దారి ఎంచుకోవద్దు. నడవగలవారు తెల్లవారుజామునే దిగి ఎండ ఎక్కేలోగా తిరిగి రావాలి. ప్లాస్టిక్ తీసుకెళ్లవద్దు. అది జంతువుల ఇల్లు, ఏడాదిలో మిగిలిన రోజులన్నీ వాటివే.

సలేశ్వరం నడవలేనివారికి అదే దక్షిణ దిక్కున అలంపురం ఉంది. కర్నూలుకు చాలా దగ్గర, తుంగభద్ర ఒడ్డు. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాలవి, అంటే రామప్ప కంటే ఐదు వందల ఏళ్లు పాతవి. ఉత్తరాది పద్ధతి శిఖరాలు తెలుగు నేల మీద ఇంత నిండుగా మరోచోట కనబడవు. స్వర్గబ్రహ్మ గుడి గోడల శిల్పాలకు ఎక్కువ సమయం ఇవ్వండి. పాపనాశి గుడుల సముదాయాన్ని, కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని శ్రీశైలం ముంపు నుంచి తప్పించడానికి రాయి రాయిగా విప్పి ఇక్కడికి తెచ్చి తిరిగి నిలిపారు. గుడులన్నీ చూసి జోగులాంబ దర్శనం చేసుకోవడానికి ఒక పూట చాలు. గుడి కళ మీద నిజమైన ఆసక్తి ఉండి, రామప్ప ఇప్పటికే చూసినవారు వెంటనే వెళ్లవలసినది ఇక్కడికే.

ఎవరికి ఏది

మొక్కు ఉన్నవారికి సలహా అక్కరలేదు, మొక్కు ఉన్న చోటికే వెళ్లాలి. చూడాలన్న కోరికతో మాత్రమే వెళ్లేవారికి, అదీ మొదటిసారైతే, నా సలహా మేడారం కాదు. కొమురవెల్లిలో ఒక సాధారణ ఆదివారం గడపండి. జాతరలో ఎలా నడవాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎవరిని ఎలా పలకరించాలో అక్కడ అలవడుతుంది. ఆ తరువాత మేడారం గురువారం మిమ్మల్ని బెదిరించదు. ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురుగానో వెళ్లి, మనుషులతో మాట్లాడే ఓపిక ఉన్నవారు ఆదిలాబాద్ దారి పట్టాలి. పెద్ద బృందంగా గూడేల మీదికి వెళ్లడం మాత్రం సరికాదు, ఇరవై మంది అతిథులు వచ్చిపడితే ఏ ఇల్లయినా ఇబ్బంది పడుతుంది.

వృద్ధులైన తల్లిదండ్రులతో, చిన్నపిల్లలతో వెళ్లేవారికి పై నాలుగు జాతరల్లో ఏదీ పూర్తిగా అనువు కాదు. వారికోసం ఒక ప్రయాణం చెబుతాను. సద్దుల బతుకమ్మ నాటికి వానలు తగ్గి ఉంటాయి, రామప్ప చెరువు నిండి ఉంటుంది, రోడ్డు పక్కన తంగేడు, గునుగు విరగబూసి ఉంటాయి. ఉదయం గుడి నిదానంగా చూసి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, సాయంత్రం ములుగు దారిలోని ఏ ఊళ్లోనైనా బతుకమ్మలు పెట్టే చోటు అడగండి. కొన్ని ఊళ్లలో సద్దుల రోజు తేడాగా ఉంటుంది గనుక ఆ ఊరివారిని ఒకరోజు ముందే కనుక్కోవాలి. టికెట్ లేదు, వరుస లేదు, కుర్చీ కావాలంటే ఎవరో ఒకరు ఇంట్లోంచి తెచ్చి వేస్తారు. మీ ఇంటి ఆడవాళ్లు ఊరికే నిలబడి చూస్తుంటే ఆడుతున్నవారు ఊరుకోరు, చెయ్యి పట్టి వలయంలోకి లాగుతారు. బతుకమ్మలను చెరువులో విడిచిన తరువాత అందరికీ పంచే సత్తుపిండి, మలీద తిని హనుమకొండకు బయలుదేరవచ్చు.